నోటీసు బోర్డూ ప్రచురణే: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

నగరంలోని అపార్ట్‌మెంట్, కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, కోశాధికారులకు, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం.

“బి బ్లాకులో పాచిపనికి వచ్చే ఈమె దొంగ. ఎవరూ పనిలో పెట్టుకోకండి.” కింద ఫొటో, ఆధార్ జిరాక్సు. ఆరువందల మంది ఉన్న గ్రూపులో పొద్దున్నే ఈ మెసేజ్ పడుతుంది. మధ్యాహ్నానికి పక్క అపార్ట్‌మెంట్ గ్రూపుకు చేరుతుంది. పోయిందనుకున్న గొలుసు సాయంత్రం బీరువా అరలోనే దొరికినా, దొరికిందన్న కబురు మాత్రం ఆ రెండో గ్రూపు దాకా వెళ్లదు. ఇది కాకపోతే లిఫ్టు పక్కన అంటించిన “మెయింటెనెన్స్ ఎగ్గొట్టిన మోసగాళ్ల జాబితా”. అదీ కాకపోతే పాత కమిటీ లక్షలు మింగిందంటూ కొత్త కమిటీ సభ్యుడు వదిలిన ఆడియో.

ఈ మూడూ చట్టం దృష్టిలో పేపర్లో అచ్చయిన వార్త లాంటివే. నగరంలోని సివిల్, క్రిమినల్ కోర్టుల్లో పరువునష్టం కేసులు చూసే న్యాయవాదులుగా మేం మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మాట ఎంత ఘాటుగా ఉందన్నదాని కంటే అది ఎవరి చేతికి వెళ్లిందన్నదే చాలాసార్లు మిమ్మల్ని కాపాడుతుంది, లేదా ముంచుతుంది. ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. కానీ అది వెళ్లాల్సిన గుమ్మం ఒకటి, మీరు పంపుతున్న గుమ్మం ఇంకొకటి.

ముందు చట్టం ఎక్కడుందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. 1860 నాటి ఐపీసీలో 499 నుంచి 502 దాకా నాలుగు సెక్షన్లలో ఉన్నదంతా ఇప్పుడు 356 అనే ఒక్క సెక్షన్‌లోకి వచ్చింది. నిర్వచనం, నాలుగు వివరణలు, పది మినహాయింపులు దాదాపు పాతవే. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా చేరింది సమాజ సేవ. ఆ తేదీకి ముందు పెట్టిన పోస్టుకు మాత్రం ఐపీసీయే వర్తిస్తుంది. “పరువునష్టం ఇప్పుడు నేరమే కాదు, సుప్రీంకోర్టు కొట్టేసింది” అని కొందరు ధీమాగా చెబుతుంటారు. 2015లో కొట్టేసింది ఆన్‌లైన్‌లో పెట్టే అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని. పరువునష్టం నేరం రాజ్యాంగబద్ధమేనని అదే కోర్టు 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో తేల్చింది.

సివిల్ దావా దీనికి వేరు. అక్కడ జైలు లేదు, నష్టపరిహారం ఉంటుంది. రెండు దారులూ ఒకేసారి పట్టవచ్చు. ఇంగ్లండ్ చట్టం రాసిన మాటను లైబెల్ అనీ, నోటి మాటను స్లాండర్ అనీ విడదీసింది. మన క్రిమినల్ చట్టానికి ఆ పట్టింపు లేదు. మాట, రాత, సైగ, బొమ్మ అన్నీ ఒకటే లెక్క. కాబట్టి “నేను టైపు చేయలేదు, వాయిస్ మెసేజే పెట్టాను” అన్నది సమాధానం కాదు.

ఒక మాట పరువునష్టం అని తేలాలంటే అందులో మనిషి మీద ఏదో ఒకటి ఆపాదించి ఉండాలి. అది ఫలానా మనిషి గురించేనని తెలియాలి. ఆ మనిషికి కాక ఇంకొకరికి చేరాలి. చేరాక వాళ్ల దృష్టిలో ఇతని నడవడికో, తెలివికో, కులానికో, వృత్తికో సంబంధించిన గౌరవం తగ్గాలి. లేదా ఇతనికి అప్పిచ్చే నమ్మకం పోవాలి. ఒంట్లో అసహ్యమైన రోగం ఉందని నమ్మించడం కూడా ఇందులోకే వస్తుంది. క్రిమినల్ కేసులో ఇవి చాలవు. పరువు తీయాలన్న ఉద్దేశమైనా ఉండాలి, లేదా పోతుందని తెలిసైనా ఉండాలి, కనీసం తెలియడానికి తగిన కారణమైనా ఉండాలి. సివిల్లో అలా కాదు. 1910లో ఇంగ్లండ్‌లో హల్టన్ పత్రికా సంస్థ కేసు ఇందుకు పాఠం. కథలో పాత్రకు ఊహించి పెట్టిన పేరు నిజంగా ఒక బారిస్టరుకు ఉంది. ఆయనెవరో రచయితకు తెలియదన్న వాదన నిలవలేదు. 1,750 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. మన సివిల్ కోర్టులు ఇలాంటి వ్యవహారాల్లో ఇంగ్లిష్ తీర్పుల వైపు తరచూ చూస్తాయి.

తెలుగులో “అట” అనే రెండక్షరాలు తగిలిస్తే బాధ్యత తీరిపోతుందని మనకో నమ్మకం. “కోశాధికారి కమిషన్ తిన్నాడట.” ఆ “ట” మిమ్మల్ని కాయదు. విన్నమాట మళ్లీ అన్నవాడు కూడా అన్నవాడే. ప్రశ్నార్థకమూ అంతే. “లిఫ్టు కాంట్రాక్టులో ఎంత ముట్టింది?” అన్న ప్రశ్నలో, ముట్టిందన్న ఆరోపణ ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇక వెటకారానికైతే చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. “జెడ్ నిజాయితీపరుడు, ఆయన ఎప్పుడూ బి గడియారం తీయలేదు” అని, ఆయనే తీశాడనిపించేలా చెప్పడం ఒకటి. బి గడియారం ఎవరు ఎత్తుకెళ్లారని అడిగితే నోరు మెదపకుండా జెడ్ వైపు వేలు చూపించడం ఇంకొకటి. గడియారంతో జెడ్ పారిపోతున్నట్టు బొమ్మ గీయడం మూడోది. 1860 నాటి ఆ బొమ్మే ఇవాళ వాట్సాప్ స్టిక్కరైంది. “మన సెక్రటరీగారు సాక్షాత్తూ హరిశ్చంద్రుడు” అని రాసి పగలబడి నవ్వే బొమ్మ పక్కన పెడితే, గ్రూపులో పదిమందికీ ఏది అర్థమైందో కోర్టుకూ అదే అర్థమవుతుంది.

తిట్టుకూ ఆరోపణకూ తేడా ఉంది. పార్కింగ్ దగ్గర గొడవలో “బుద్ధి లేదా, వెధవా” అంటే విన్నవాళ్లు దాన్ని కోపంగా తీసుకుంటారు తప్ప ఆయన గురించి కొత్త సంగతి తెలిసిందనుకోరు. “దొంగ” అన్న ఒక్క మాటే చూడండి. మనవణ్ని ముద్దుగా “ఓరి దొంగా” అంటాం. అదే మాట నైట్ వాచ్‌మన్ ఫొటో కింద రాస్తే అతని కూటికి ఎసరు. అందుకే దావాలో అన్న మాటను తెలుగులో అన్నది అన్నట్టే రాయాలి. ఇంగ్లిష్ అనువాదం పక్కన ఇవ్వాల్సి వస్తే అక్కడే చాలా కేసులు బలహీనపడతాయి. “మింగాడు” అన్నదాన్ని ఉత్త ‘ఖర్చుపెట్టాడు’గా మార్చేస్తే కేసులో మిగిలేదేమీ ఉండదు. తిట్లకు వేరే సెక్షన్లు లేవని మాత్రం అనుకోకండి. రెచ్చగొట్టే అవమానానికి అదే న్యాయ సంహితలో 352 ఉంది, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకు 79 ఉంది. కులం పేరుతో దూషణ అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వెళ్తుంది, ముందస్తు బెయిలుకు ఆ చట్టంలోని 18వ సెక్షనే అడ్డం.

పేరు రాయలేదు కదా అంటారు. “మూడో అంతస్తు, తెల్ల కారు, రెండు కుక్కలు” అని రాశాక పేరెందుకు? చదివినవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు గుర్తుపట్టగలిగితే చాలు. గుంపు గురించి అన్న మాటకు లెక్క వేరు. “బిల్డర్లంతా దొంగలే” అంటే ఏ బిల్డరూ నన్నే అన్నారని కేసు నిలబెట్టలేడు. “మన కమిటీలో ఐదుగురూ దొంగలే” అంటే ఐదుగురిలో ఎవరైనా నిలబెట్టగలరు. అలీగఢ్‌లోని పబ్లిక్ ప్రాసిక్యూటర్లను మొత్తంగా లంచగొండులన్నట్టు రాసిన పత్రిక కేసులో, వాళ్లు వేలెత్తి చూపగలిగే చిన్న బృందమేనని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది.

“నిజమే కదా రాశాం” అన్నది మాకు అందరికంటే ఎక్కువగా వినిపించే మాట. సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణ. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే చాలదు, ఆ నిజాన్ని బయటపెట్టడం ప్రజాహితమై ఉండాలి. పైగా నిజమని చూపించాల్సిన భారం అన్నవాళ్లదే. నిజమని మీకు తెలియడం వేరు, కాగితంతో చూపించగలగడం వేరు. కాస్త ఊరట ఏమిటంటే, మినహాయింపు కోరే నిందితుడు ప్రాసిక్యూషన్‌లాగా అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదని, నిజమయ్యే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలని సుప్రీంకోర్టు 1965లో హర్భజన్ సింగ్ కేసులో చెప్పింది. కానీ చాలా మినహాయింపులకు సదుద్దేశం కావాలి. చట్టంలో సదుద్దేశం అంటే మంచి మనసు కాదు; తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకోవడం. అడగకుండా, సరిచూసుకోకుండా రాసినవాడి మనసు ఎంత మంచిదైనా అది సదుద్దేశం అనిపించుకోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మీ ఫ్లాటులో గొలుసు పోయింది, పనిమనిషి మీద అనుమానం ఉంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఇదీ జరిగింది, ఫలానామె మీద ఈ కారణాల వల్ల అనుమానం అని రాసిస్తే 356లోని ఎనిమిదో మినహాయింపు మీకు రక్ష. అధికారం ఉన్నవాళ్ల దగ్గర సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువునష్టం కాదు. నౌకరు నడవడి గురించి అతని యజమానికి చెప్పడాన్ని చట్టం అక్కడే ఉదాహరణగా పెట్టింది. అంటే సెక్యూరిటీ గార్డు మీద ఫిర్యాదు అతన్ని పంపిన ఏజెన్సీకి రాస్తే అదీ సరైన గుమ్మమే. రేపు ఎదురింటివాళ్లు ఆమెను పనిలో పెట్టుకుంటూ “మీ ఇంట్లో ఎలా చేసింది?” అని అడిగితే, మీకు తెలిసింది తెలిసినంతే వాళ్లకు చెప్పడాన్ని తొమ్మిదో, పదో మినహాయింపులు కాస్తాయి. తొమ్మిదోదాని ఉదాహరణ ఒక కొట్టు యజమాని: “జెడ్ నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు, రొక్కం ఇస్తే తప్ప సరుకు ఇవ్వకు” అని తన గుమాస్తాకు చెప్పడం. గుమాస్తాకు చెప్పాడు, బజారుకు కాదు.

ఇవే మాటలు ఆరువందల మంది గ్రూపులో పెట్టగానే ఈ రక్షణ పల్చబడిపోతుంది. ఆమెను పనిలో పెట్టుకునే ఆలోచనే లేని ఐదువందల తొంభై మందికి, అమెరికాలో ఉండి ఫ్లాటు అద్దెకిచ్చిన ఓనరుకు, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినా గ్రూపులో మిగిలిపోయిన పాత కిరాయిదారుకు ఆ సంగతితో పనేమిటి? అనుమానం స్టేషన్ గుమ్మం దగ్గర అనుమానంగానే ఉంటుంది. గ్రూపులోకి వచ్చేసరికి తీర్పైపోతుంది. ఆమె కోర్టుకెక్కదనే భరోసాతోనే కదా ఇంత తేలిగ్గా రాసేది! ఫ్లాటు ఓనరు మీద ఇదే అనుమానం వస్తే ఎవరైనా ఫొటో పెడతారా? జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలిసిన రోజు లెక్క మారుతుంది. ఆధార్ కార్డు బయట పెట్టడం ఏ మినహాయింపుకూ అవసరం లేని అదనపు తప్పు.

కమిటీ లెక్కల గొడవ రెండోది. ఇక్కడ నోరు మూసుకోమని మేం చెప్పడం లేదు. సంఘం డబ్బు గురించి సభ్యుడు అడిగి తీరాలి. కానీ ఈ రెండు వాక్యాలు చూడండి. “గత కమిటీ రూ. 1,84,000 మింగింది.” “2024-25 డీజిల్ ఖాతాలో రూ. 1,84,000కు బిల్లులు లేవు. మార్చి 10న లిఖితపూర్వకంగా అడిగాం, ఇప్పటిదాకా జవాబు రాలేదు.” మొదటిది నిరూపించాలంటే దొంగతనమో నమ్మకద్రోహమో రుజువు కావాలి. రెండోది నిరూపించడానికి వోచర్ల ఫైలు, అడిగిన ఉత్తరం చాలు. బిల్లు లేకపోవడానికి డబ్బు తినేయడం ఒక కారణం కావచ్చు. బంకువాడు రసీదు ఇవ్వకపోవడం, మేనేజరు ఫైలు పోగొట్టడం, ఖర్చు వేరే ఖాతాలో రాయడం కూడా కారణాలే. ఉన్నది చెప్పి, దాన్నుంచి మీరేం అనుకుంటున్నారో వేరుగా చెప్పండి: “ఇది మాకు సరిగా అనిపించడం లేదు, బయటి ఆడిటర్‌తో చూపించాలి.” ఆధారం కళ్లముందు పెట్టి ఇచ్చిన అభిప్రాయానికి కోర్టులో విలువ ఉంటుంది. ఆధారం దాచి పెట్టిన అభిప్రాయం ఆరోపణగానే మిగులుతుంది. ఈ మాట ఎక్కడ అనాలంటారా? సర్వసభ్య సమావేశంలో, మినిట్స్ పుస్తకంలో, సంఘాల రిజిస్ట్రార్‌కు ఇచ్చే అర్జీలో. వినేవాళ్లకు ఆ డబ్బుతో సంబంధం ఉన్న చోట.

బాకీల జాబితా గురించి అధ్యక్షులు తరచూ అడుగుతారు, వేయవచ్చా అని. వేయవచ్చు, సభ్యులకు. మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదో తెలుసుకోవడం కట్టినవాళ్ల ప్రయోజనమే. లిఫ్టు పక్కన వేయకూడదు. డెలివరీ కుర్రాడికి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు, ట్యూషన్ పిల్లలకు ఆ బాకీతో పని లేదు. తప్పులు ఎక్కడ వస్తాయంటే, ఒకటి, యూపీఐలో వేరేవాళ్ల పేరుతో వచ్చిన డబ్బు ఏ ఫ్లాటుదో కోశాధికారి జమ చేసుకోకముందే జాబితా తయారవుతుంది. రెండు, ఓనరు కట్టాల్సిన కార్పస్ ఫండ్‌కు కిరాయిదారు పేరు పడుతుంది. మూడు, 304, 403 లాంటి ఫ్లాటు నంబర్లు తారుమారవుతాయి. నాలుగు, నీళ్ల లీకేజీ మీద తగాదా ఉండి ఉద్దేశపూర్వకంగా ఆపిన డబ్బును “ఎగవేత” అంటారు. జాబితాకు వారం ముందే ఆ ఫ్లాటుకు విడిగా లెక్క పంపి సరిచూసుకోమనండి. పంపిన దాఖలా పెట్టుకోండి. తగిన జాగ్రత్త తీసుకున్నామనడానికి అదే మీ సాక్ష్యం. జాబితాలో ఫ్లాటు నంబరు, ఏ నెల నుంచి, ఎంత, ఏ తేదీ నాటికి అన్నవి ఉంటే చాలు. తగాదాలో ఉన్న మొత్తం పక్కన “వివాదంలో ఉంది” అని రాయండి. “మోసగాళ్లు”, “సిగ్గులేనివాళ్లు” అన్న విశేషణాలతో ఒక్క రూపాయి కూడా వసూలు కాదు, కానీ మీ రక్షణ మాత్రం ఆ ఒక్క మాటతో పోతుంది.

అడ్మిన్లకు ఒక ధైర్యం, ఒక హెచ్చరిక. ఎవరో సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్ అయినందుకే మీరు బాధ్యులు కారు. ఢిల్లీ హైకోర్టు 2016లో, అదీ ఇళ్ల కొనుగోలుదారుల గ్రూపు తగాదాలోనే, ఇలాంటి కేసులో అడ్మిన్‌ను ఇరికించడం పేపర్లో వచ్చిన రాతకు న్యూస్‌ప్రింట్ తయారుచేసినవాణ్ని ఇరికించినట్టే అంది. బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో వేరే నేరాల విషయంలో ఇదే దారిలో నడిచాయి. హెచ్చరిక ఏమిటంటే, అడ్మిన్లు మాత్రమే రాయగలిగే అనౌన్స్‌మెంట్ గ్రూపులో ప్రతి మాటా మీ సొంత ప్రచురణ. ఒక సభ్యుడు మీకు పంపింది మీ చేత్తో అక్కడ పెడితే, ఎవరో పెట్టిన ఆరోపణను పైన పిన్ చేస్తే, అది మీ చర్య. అడ్మిన్ ఇతరుల మెసేజ్‌ను అందరికీ కనబడకుండా తీసేసే వీలు వాట్సాప్‌లో ఉంది. బాధితుడు మీకు రాసి చెప్పాక కూడా రోజుల తరబడి ఊరుకుంటే, మీరు ఆమోదించారనే వాదనకు చోటిచ్చినట్టే. తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు ఇరుపక్షాలూ మిమ్మల్నే అడుగుతాయి.

ఫార్వర్డ్ చేయడం కూడా ప్రచురించడమే. ఇంకొకరి ట్వీట్‌ను రీట్వీట్ చేయడం పరువునష్టం నేరం కిందికి రావచ్చని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. “వచ్చింది వచ్చినట్టు పంపాను” అని కింద రాసుకోవడం మీకు ఉపయోగపడదు, ఎదుటి వకీలుకు ఉపయోగపడుతుంది.

మీ పరువే పోయిందనుకోండి. ఎక్కువమంది చేసే పొరపాటు, నెలల తరబడి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం. పరువునష్టం నాన్ కాగ్నిజబుల్ నేరం, బెయిలు వచ్చేది. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టరు; మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు, అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, చట్టమే అంత. ఈలోగా సివిల్ గడువు కరిగిపోతుంది. కాలపరిమితి చట్టం 75, 76 ఆర్టికల్స్ ప్రకారం దావాకు ఏడాదే గడువు. క్రిమినల్ కంప్లైంటుకు మూడేళ్లు. కంప్లైంటు బాధితుడే వేయాలి. మైనరో, అనారోగ్యంతో కదల్లేనివారో అయితే కోర్టు అనుమతితో వాళ్ల తరఫున ఇంకొకరు వేయవచ్చు. మీ ప్రాంతాన్ని బట్టి నాంపల్లి, కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఎల్బీనగర్ కోర్టుల్లో ఏదో ఒకటి అవుతుంది. మెజిస్ట్రేట్ మీ ప్రమాణ వాంగ్మూలం, సాక్షుల వాంగ్మూలం తీసుకుంటారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 223 ప్రకారం ఇప్పుడు కేసు స్వీకరించే ముందే ఎదుటివారికి తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత చట్టంలో ఇది లేదు.

సాక్ష్యం విషయంలో స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి. గ్రూపు పేరు, పంపినవారి నంబరు, తేదీ, సమయం కనబడాలి. ముందూ వెనకా నాలుగు మెసేజ్‌లు ఉండాలి, సందర్భం లేకుండా కత్తిరించిన ముక్కను ఎదుటివాళ్లు వెంటనే పట్టుకుంటారు. చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి. గ్రూపులో డిజప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో అన్నీ మాయం. కేసు తేలేదాకా ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అందులో పార్ట్ ఏ ఫోను మీ ఆధీనంలో ఉందని మీరిచ్చేది, పార్ట్ బి నిపుణుడిచ్చేది, హ్యాష్ విలువతో (ఫైలును మార్చలేదని చూపే డిజిటల్ గుర్తుతో) సహా. ఇది లేక పడిపోయే కేసులు చాలా ఉంటాయి. ఇంకోటి, ఆ మెసేజ్ చదివి “ఇది ఈయన గురించే” అని అర్థం చేసుకున్న బయటి సాక్షి ఒక్కరైనా ఉండాలి. గ్రూపులో జాలిపడినవాళ్లు బోలెడుమంది, బోనెక్కడానికి సిద్ధపడేవాళ్లు ఇద్దరు ముగ్గురు.

కోటి రూపాయల లీగల్ నోటీసులు చూసి అడ్మిన్లు బెదిరిపోతుంటారు. నోటీసులో అంకె వేయడానికి ఖర్చు లేదు. దావాలో వేస్తే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అక్కడ కోటి చాలాసార్లు చిక్కిపోతుంది. అలాగని నోటీసును చెత్తబుట్టలో వేయకండి. ఏ మాట, ఏ రోజు, ఎక్కడ అన్నామంటున్నారో చూసి జవాబివ్వండి. తప్పయితే ఒప్పుకోవడం చవక. ఈ నేరంలో ఇద్దరు మామూలు పౌరుల మధ్య రాజీకి చట్టం ఒప్పుకుంటుంది. క్షమాపణ ఆరోపణ పెట్టిన గ్రూపులోనే ఉండాలి, ఫార్వర్డ్ అయిన గ్రూపుల్లో కూడా. “ఎవరైనా నొచ్చుకుని ఉంటే” అన్నది క్షమాపణ కాదు. “ఫలానా తేదీన బి బ్లాకులో పనిచేసే ఆమె గురించి నేను పెట్టింది తప్పు. వస్తువు ఇంట్లోనే దొరికింది. వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి.” ఇంతే. పాత ఆరోపణను పొల్లుపోకుండా మళ్లీ రాసి, ఆపైన సారీ చెబితే రెండోసారి ప్రచురించినట్టు.

కేసు వేయాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట. మీ పరువు మీద కేసు వేస్తే మీ పరువు మొత్తం క్రాస్ ఎగ్జామినేషన్‌కు వస్తుంది. వాయిదాలకు మీరు రాకపోతే నిందితుణ్ని వదిలేసే అవకాశం కోర్టుకుంది. దావా వేయగానే పోస్టు తీయించే ఆర్డరు కూడా చేతికి రాదు. విచారణకు ముందే రాతను ఆపేయడంలో ఎంత జాగ్రత్త కావాలో సుప్రీంకోర్టు 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల కేసులో చెప్పింది.

కమిటీలకు ఇది కూడా చెప్పాలి. ఈ సెక్షన్‌ను ప్రశ్నించేవాళ్ల నోరు మూయించే తాళంగా వాడకండి. జీహెచ్ఎంసీ రోడ్డు వేయలేదని, జలమండలి నీళ్లు మురికిగా ఉన్నాయని రాసేవాళ్లను “సంఘానికి చెడ్డపేరు, కేసు పడుతుంది” అని ఆపుతున్నారు. ప్రభుత్వం, స్థానిక సంస్థలు పరువునష్టపరిహారం కోసం దావా వేయలేవని సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పింది. అధికారి విధుల్లో ప్రవర్తనను సదుద్దేశంతో విమర్శించడానికి రెండో మినహాయింపు ఉంది. బిల్డరు ఇచ్చిన మాట తప్పాడని రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) రాయడం ఎనిమిదోదానిలోకి వస్తుంది. సంఘం లెక్క అడిగిన సభ్యుడికి లెక్క చూపించండి, నోటీసు కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ తీర్మానాన్ని పెట్టి, ఆమోదం పొందాక గ్రూపు డిస్క్రిప్షన్‌లో అంటించమని మా విన్నపం. మాటలు మీకు నచ్చినట్టు మార్చుకోండి:

“దొంగతనం, లంచం, నడవడి గురించి ఏ వ్యక్తి మీదా ఆరోపణలు, ఫొటోలు, గుర్తింపు కార్డులు ఈ గ్రూపులో పెట్టరాదు. సెక్యూరిటీ గార్డులు, పనివారి మీద ఫిర్యాదులు కార్యదర్శికో, ఏజెన్సీకో, పోలీసులకో రాతపూర్వకంగా ఇవ్వాలి. సంఘం లెక్కల మీద ప్రశ్నలకు కోశాధికారి పదిహేను రోజుల్లో వోచర్లు చూపుతారు. అభ్యంతరం వచ్చిన మెసేజ్‌ను అడ్మిన్ భద్రపరిచి, తొలగిస్తారు. పొరపాటున పెట్టినవారు ఇక్కడే సవరణ పెట్టాలి.”

తీర్మానం పెట్టేముందు, పాత పనిమనుషుల ఫొటోలు గ్రూపులో ఇంకా ఉన్నాయేమో వెనక్కి వెళ్లి చూడండి. ఉంటే ఇవాళే తీసేయండి.

ఇట్లు,
హైదరాబాద్ సివిల్, క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే కొందరు న్యాయవాదులు